జర ఆగవే అవ్వా

నా చిన్నప్పుడు మా ఆలూరులో ఏడాదికొకసారి ఆట కట్టేవారు. మొదటినుంచి చివరిదాకా పాటలతోనే నడిచే కథ అది. పొద్దంతా టమాటాలు తెంపి బండ్లకెత్తి వచ్చినవాళ్లే, సాయంత్రం మా వాకిట్లో చేరి చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ పాటలు నేర్చుకునేవారు. నేర్పేది మా తాత. హార్మోనియం ముందు కూర్చుని, వెనక వంత పాడేవాళ్లకు ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పేవాడు. "ముంగటోడు పాట మర్శిపోతే మీరు ఆగొద్దు. వాడు ఇడిశిపెట్టిన మాటనే తిప్పి తిప్పి పాడుండ్రి. వాడే వస్తడు."

మా ఆటలో మరిచిపోవడాలు, జారిపోవడాలు ఎప్పుడూ ఉండేవి. ట్రాక్టరు నడిపే అన్న ఒకాయన రాజు వేషం వేసేవాడు. ఒక ఏడాది కోపంగా తల తిప్పేసరికి ఆయన మీసం ఊడి హార్మోనియం మీద పడింది. "రాజా, మీసం ఏడవాయె?" అని జనంలోంచి ఎవరో అరిచారు. "వేటకు పోయింది, ఇగ వస్తది!" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా. తాత మీసం అందించి, ఆయన దాన్ని అతికించుకునేదాకా వంతవాళ్లు నవ్వు బిగబట్టి అదే చరణం పాడుతూనే ఉన్నారు.

రాణి వేషం మా పక్కింటి మామది. ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసేవారు. కథలో రాణి కూతురు పాము కాటుకు చనిపోతుంది. చాప మీద పడుకోబెట్టిన బిడ్డను రాణి నిద్రలేపుతున్నట్టు పాడుతుంది. "లెవ్వే బిడ్డా, పొద్దెక్కింది" అని పిలుస్తుంది. బిడ్డ పలకదు కాబట్టి, గొంతు చిన్నది చేసుకుని, బిడ్డ అమ్మకు చెప్పినట్టు జవాబు కూడా తనే పాడుకుంటుంది. "వస్తున్న, జర ఆగవే అవ్వా."

ఆ బిడ్డ వేషం మాత్రం ప్రతి ఏడూ మామ సొంత కూతురిదే. నా ఈడుదే, నా నేస్తం. కళ్లు మూసుకుని కదలకుండా పడుకోవడమే దాని పని. ఒకసారి ముక్కు మీద ఈగ వాలి గట్టిగా తుమ్మితే, రాణి ఏడుపు ఆపి నవ్వింది, ఊరంతా నవ్వింది.

తర్వాతి వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. చేవెళ్లకు తీసుకుపోయారు, అక్కడినుంచి పట్నం దవాఖానకు. మళ్లీ ఇంటికి రాలేదు.

వాళ్లమ్మ, నేను అత్త అని పిలిచే ఆమె, ఏడవలేదు. మాట్లాడటమే మానేసింది. వండేది, పొలం పోయేది, వచ్చేది. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. ఇంట్లో ఆమె గొంతు వినబడి నెలలు దాటాయి.

ఆ ఏడాది పాటలు నేర్చుకోవడం మొదలైనప్పుడు తాత మామను పక్కకు పిలిచాడు. "ఆ పాట తీసేద్దాం రా ఈసారి" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "వద్దు తాతా. ఇంట్ల ఆమె ముంగట ఏడ్వరాదు. గీడ ఏడిస్తె వేషం అనుకుంటరు. పాట ఆఖరుదాక పాడనియ్యి నన్ను." తాత చాప మీద పడుకునే పని నాకు ఇచ్చాడు. ప్రతి సాయంత్రం మామ ఆ పాట దగ్గరికి వచ్చేవాడు, మొదటి మాట పాడి ఆగిపోయేవాడు. వంతవాళ్లు తిప్పి తిప్పి పాడేవారు. ఒక్కరోజు కూడా పాట ఆఖరుదాకా పోలేదు.

ఆట రోజున నేను నా నేస్తం పచ్చ లంగా కట్టుకుని చాప మీద పడుకున్నాను. నా తల దగ్గరే తాత హార్మోనియం. పైన వెదురుకు వేలాడదీసిన మైకు. మామ నా పక్కన కూర్చుని, "లెవ్వే బిడ్డా, పొద్దెక్కింది" అని పాడాడు. ఆగిపోయాడు. వంతవాళ్లు ఆ మాట అందుకున్నారు. మళ్లీ పాడారు. మళ్లీ పాడారు. నా చెంప మీద వెచ్చగా చుక్కలు పడుతున్నాయి. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ, వంతలో మామ గొంతు కలవడం లేదని నాకు తెలుస్తోంది. పాట మరిచిపోయాడనుకున్నాను. అందించాలనుకున్నాను. పెదవులు కదిలీ కదలకుండా, గుసగుసగా, "వస్తున్న, జర ఆగవే అవ్వా" అన్నాను.

మైకు దాన్ని ఊరంతా వినిపించింది.

చిరుతలు ఆగిపోయాయి. చచ్చిపోయిన బిడ్డ మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు కూర్చున్న వైపునుంచి అత్త లేచి నిలబడి, తన బిడ్డను పేరు పెట్టి పిలిచింది. అన్ని నెలల తర్వాత ఆమె గొంతు అదే మొదటిసారి వినడం. మళ్లీ పిలిచింది, ఇంకా గట్టిగా.

తాత హార్మోనియం మీదినుంచి వంగి, "పలుకు బిడ్డా" అన్నాడు మెల్లగా.

"ఆఁ అవ్వా" అన్నాను.

అత్త ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను పట్టుకున్నారు. రాజు వేషంలో ఉన్న అన్న వెనకనుంచి "వస్తున్న, జర ఆగవే అవ్వా" అని ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. వాళ్ల మధ్యనే మామ గొంతు కలిసింది. ఏడుస్తూ, పడుతూ లేస్తూ, ఆ పాట ఆఖరుదాకా పాడాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మ ఉప్పుతో నాకు దిష్టి తీసి, తాత మీద మండిపడింది. "సచ్చిన పిల్ల పేరుకు నా బిడ్డతోని పలికిస్తవా?" తాత తల ఎత్తకుండానే, "పిలిచింది తల్లి గదనే. ఎవలో ఒకలు పలకాలె" అన్నాడు.

అమ్మ కోపం నాకు అప్పుడే అర్థమైంది. తాత మాట అర్థం కావడానికి నేను తల్లిని కావలసి వచ్చింది. అత్త ఆ తర్వాత అందరితో మాట్లాడింది, నన్ను మాత్రం నా పేరుతోనే పిలిచింది. తన బిడ్డ పేరుతో ఇంకెప్పుడూ పిలవలేదు. అయినా ఆలూరు పోయినప్పుడల్లా వాళ్ల అరుగు మీద కాసేపు ఊరికే కూర్చుంటాను. పిలిస్తే పలకాలని.

ఇప్పుడు మోకిలలో మా ఇంట్లో పొద్దున్నే బడికి తయారుకమ్మంటే నా కూతురు దుప్పటి ముసుగులోంచి, "వస్తున్నా, ఆగమ్మా" అంటుంది. బస్సు పోతుందని తెలిసినా కసురుకోలేను. ఆ మాట వినబడినంతసేపూ నిలబడి వింటాను. ఇది రాస్తుంటే అది నా పక్కనే పడుకుని ఉంది. నుదురు చల్లగానే ఉంది, ఇందాకే చూశాను. అయినా లైటు ఆర్పేముందు పేరు పెట్టి మెల్లగా ఒకసారి పిలుస్తాను. నిద్రలోనే "ఊఁ" అంటుంది. అనేదాకా నా చెయ్యి స్విచ్చి మీదే ఉంటుంది.