కాళ్ళు కడుక్కోని రమ్మను

మా పెద్దమ్మ పోయిందన్న కబురు బెంగళూరులో ఒక హోటల్ సమావేశంలో ఉండగా అందింది. ప్రపంచ దేశాలన్నీ చేయీ చేయీ కలిపి నడవాలని వేదిక మీద ఒకాయన మూడోసారి చెబుతున్నాడు. ఫోన్ చేసింది పెద్దమ్మ కోడలు.

"బావా, అత్త పొయ్యింది. తెల్లార్తో లేసి ఆకు కోసుకోనొచ్చింది, కుచ్చునింది, అంతే," అంది. కాసేపు ఏడ్చి, వెంటనే, "పురుగు నాలుగో జొరం లేసి రెండో దినం. నువ్వు బిన్నా రా. ఆకు కోసేకి మనుషుల్లేరు," అంది.

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అలాంటివి నాలుగు దాటాక, గూడు కట్టేదాకా వారం రోజులు అది ఆబగా తింటుంది. ఇంట్లో ఎవరు పోయినా దానికి పట్టదు. "పురుగుకు వాయిదాలు తెలీవు" అనేది పెద్దమ్మ. ఆ మాట ఆమె అన్నది మా సమావేశాలను ఉద్దేశించి.

మా ఆఫీసు పనే సమావేశాలు జరపడం. ఒక దేశం తీసుకున్న నిర్ణయం ఇంకో దేశంలో పేదవాళ్ళ బతుకును ఎలా తిప్పుతుందో మాట్లాడుకుని, అందరూ కలిసి విధానాలు రాసుకోవాలని చెప్పే సంస్థల్లో మాదీ ఒకటి. నేనక్కడ తర్జుమా చేస్తాను. ఇన్నేళ్ళలో 'సహకారం' అన్న మాట నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో తలచుకుంటే నాకే విసుగొస్తుంది. దాన్ని రెండు ముక్కల్లో చెప్పగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కతే. ఆమెకు సంతకం తప్ప రాత రాదు.

పెద్దమ్మది పెనుకొండ దగ్గర పల్లె. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డులో పురుగులు. గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోయేవి. ఆమె చెల్లెలు, అంటే మా అమ్మ, ధర్మవరంలో ఉంటుంది. మా నాయన అక్కడ మగ్గం నేస్తాడు. బయటి దేశపు పట్టు దారం మీద పన్ను తగ్గిందంటే ధర్మవరంలో నాయన మొహం వెలిగేది, గూళ్ళ ధర పడి పెనుకొండలో పెద్దమ్మ మొహం మాడేది. ఇద్దరూ కలిసిన ప్రతిసారీ ఇదే పోట్లాట.

"ఆ దారం పడుగుకేస్తే తెగదు వదినా. నేనేం జేసేది?" అనేవాడు నాయన.

"నేసుకో అప్పా, నిన్నెవరు ఒద్దన్నారు? నేను పురుగుకు ఆకేసినప్పుడు ఒక ధర, గూడు ఇడిపించేతలికి ఇంగో ధర అంటే ఎట్ల బతికేది? పన్ను మార్చుకుంటే మార్చుకోమను. ఒక పంట ఎత్తేదాకా ఆగమను. ఇరవై ఐదు దినాలు. అంతంత పెద్ద దేశాలు అంతమాత్రం ఆగలేవా?"

నేను తర్జుమా చేసిన ఏ నివేదికలోనూ ఇంతకన్నా పనికొచ్చే సలహా చూడలేదు. ఒకసారి దీన్ని మా కాగితాల్లోకి ఎక్కించాను కూడా. పైవాళ్ళు దిద్ది దిద్ది "ముందస్తు సమాచార పంపిణీలో భాగస్వామ్య దృక్పథం" దగ్గర తేల్చారు. దాన్ని తెలుగు చేసింది నేనే. నాకే అర్థం కాలేదు.

పెద్దమ్మతో వేగడం తేలిక కాదు. షెడ్డు గడప ముందు నీలం ప్లాస్టిక్ టబ్బులో బ్లీచింగ్ కలిపిన నీళ్ళుండేవి. ఎంతటివాళ్ళయినా అందులో కాళ్ళూ చేతులూ కడుక్కునే లోపలికి రావాలి. సెంటు పూసుకున్నవాళ్ళకు, బీడీ తాగి వచ్చినవాళ్ళకు అసలు ప్రవేశమే లేదు. ఆ వాసనలు పురుగుకు విషం. పెళ్ళి పిలుపుకు వచ్చిన ఆడవాళ్ళను కూడా తలలో మల్లెపూలు తీసి అరుగు మీద పెట్టమనేది. నేను ఉద్యోగం వచ్చిన కొత్తలో ఘుమఘుమలాడుతూ వెళితే, "ఏం సామీ, పెండ్లికొడుకువా? ఆ వాసన పొయినాక రాపో," అని బస్టాండు దాకా తిప్పి పంపింది. రెండు కిలోమీటర్లు ఎండలో నడిచాను. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆరేళ్ళ కిందట నాలుగు దేశాల ప్రతినిధులు హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు చూడ్డానికి వచ్చారు. రైతు ఇల్లు కూడా చూడాలన్నారు. నేనే పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. అప్పుడు కూడా పురుగు ఆఖరి మేత మీదే ఉంది. ఆమె గడపలో నిలబడి నాతో అంది: "వాళ్ళను కాళ్ళు కడుక్కోని రమ్మను నాయనా. దోమల మందు గిందు పూసుకోనుంటే బయటే ఉండమను. మాకు సాయం చేసేకి వచ్చిండేవాళ్ళు గదా, ఇంతమాత్రం ఇంటారులే."

కోట్లు వేసుకున్న అంత పెద్దమనుషులను బూట్లు విప్పి ప్లాస్టిక్ టబ్బులో కాళ్ళు పెట్టమని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. "ఇవి సున్నితమైన పురుగులు, దయచేసి కొంచెం జాగ్రత్త," అని ఇంగ్లీషులో అన్నాను. వాళ్ళు మర్యాదగా తలూపి, బూట్లతోనే లోపలికి నడిచారు. పెద్దమ్మ నావైపు చూసింది. నేను రేకుల వైపు చూశాను. ఒకాయన పురుగును అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగాడు. ఇంకొకాయన దోమ కుట్టిందని జేబులోంచి చిన్న సీసా తీసి, అక్కడే, మేత అరల పక్కనే, మోచేతుల దాకా చిమ్ముకున్నాడు. పెద్దమ్మ "అయ్యో, ఒద్దప్పా" అంటూ ఉరికేలోగా అయిపోయింది.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే సగం అరల్లో పురుగులు మెలికలు తిరిగి, నోటి నుంచి పచ్చటి నీళ్ళు కక్కుకుని పడి ఉన్నాయి. ఆమె వాటిని చేటలోకి ఎత్తుతోంది. తిట్టలేదు. ఒకటే అడిగింది.

"నేను చెప్పింది నువ్వు వాళ్ళకు చెప్పినావా?"

"చెప్పినా పెద్దమ్మా."

"చెప్పినా ఇన్లేదా? అట్లయితే తప్పు వాళ్ళది. మా వల్ల పురుగు చచ్చిపొయ్యిందని ఆ పుస్తకంలో రాయమను. నాకు ఇంగేమీ ఒద్దు."

పుస్తకం అంటే మా నివేదిక. పరిహారం అడిగి ఉంటే ఎవరి కాళ్ళో పట్టుకుని ఇప్పించేవాణ్ణి. ఆమె అడిగింది ఒక్క వాక్యం. అది రాయాలంటే నేను వాళ్ళకు ఏం చెప్పానో, ఏం చెప్పలేదో కూడా బయటపడుతుంది. నివేదిక అచ్చయింది. పెద్దమ్మ ఫొటో కింద "స్థానిక మహిళల ఆత్మీయ స్వాగతం" అని ఉంది.

ఆ ఏడాది చివర బెంగళూరులో ముగింపు సభకు ఆమెనూ పిలిచారు. మూడు నిమిషాలిచ్చారు. పురుగుకు ఆకేసి, తెల్లవారుజామున హిందూపురంలో బస్సెక్కి, నలిగిన చీరతోనే వచ్చి మైకు ముందు నిలబడింది. "మీరంతా పెద్దోళ్ళు. మంచిది చెయ్యల్లనే వచ్చినారు. అయితే చెప్పినా ఇన్లేదు. ఒకరింటికి పొయ్యేటప్పుడు ఆ ఇంట్లో పద్ధతేందో అడగల్ల. అడగకుండా చేసే సాయం మాకు ఒద్దు. చేసింది ఒప్పుకొని రాసుకోండి," అంది.

పక్కనే ఉన్న నేను గొంతు సవరించుకుని, "మీరు తన ఇంటికి రావడం సంతోషమని, ఈ సహకారం ఇలాగే కొనసాగాలని ఆమె కోరుకుంటున్నారు," అన్నాను.

హాలంతా చప్పట్లు కొట్టింది. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. పెద్దమ్మ వాళ్ళ వైపు, తర్వాత నా వైపు చూసి, వచ్చి కూర్చుంది.

అప్పటి నుంచి పీడించడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున అయిదింటికి ఫోను. "ఏం నాయనా, బాగుండావా? రాసినారా?" ఇంకా రాయలేదంటాను. "అడుగు మల్ల," అని పెట్టేసేది. పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, మార్కెట్టు వరండాలో, ఎక్కడ కనబడినా అదే ప్రశ్న. ఎవరో తెల్లోళ్ళ మీద ఈమెకింత మొండితనం ఏమిటని విసుక్కున్నాను. ఫోను మోగుతుంటే చూస్తూ వదిలేసిన రోజులున్నాయి. వాటికి ఇప్పుడు ఏం చేసేది?

పోయిన ఎండాకాలం వెళ్ళినప్పుడు, గడప ముందు నేను టబ్బులో కాళ్ళు పెడితే ఆమె చెంబుతో నీళ్ళు పోస్తోంది. పోస్తూ పోస్తూ అంది:

"నాయనా, నాకు ఇంగ్లీషు రాదు. అయితే తిడితే ఎవరూ చప్పట్లు కొట్టరని మాత్రం తెల్సు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అప్పుడే తెల్సా పెద్దమ్మా?"

"తెల్సు."

"మల్ల ఇన్నేండ్లు రాసినారా, రాసినారా అని ఏంటికి అడిగినావు?"

"నిన్ను గాక ఎవర్ని అడిగేది? రాసేవాడివి నువ్వే గదా." చెంబు కింద పెట్టి, "మడమలు అట్లే ఉండాయి. సరిగా కడుక్కో," అంది.

అంతే. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. ఆమె మీద నా కోపం అదే, ఇప్పటికీ అదే. ఒక మనిషికి తనంతట తాను నిజం చెప్పే అవకాశం అన్నేళ్ళు తెరిచి పెట్టకూడదు. వాడు వాడుకోడు. నేనూ వాడుకోలేదు. ప్రాజెక్టు మూసేశారని, పాత ఫైలు తెరవాలంటే ఎవరెవరి అనుమతులో కావాలని చెప్పుకుంటూ మరో పంటకాలం గడిపేశాను. ఇంతలో ఆమె పోయింది.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మేం వెళ్ళినందువల్ల ఆ పురుగులు చచ్చిపోయాయి. వచ్చినవాళ్ళు మాట వినకపోవడం కాదు, వాళ్ళకు మాట చేరలేదు. చేర్చాల్సినవాణ్ణి నేను.

ఆమె పోయిన మూడో రోజు మా ఆఫీసు పెద్దాయన పల్లెకు పరామర్శకు వచ్చారు. కూడా ఒక విదేశీ అతిథి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చి, దారిలో ఆగాడు. ఇల్లంతా చావు అంటు, అయినా షెడ్డులో మేత ఆగలేదు. మొదటి రోజు పక్కింటావిడ ఆకు వేసింది. సాయంత్రానికి కోడలు తలస్నానం చేసి, తానే వెళ్ళింది. "నేను పొయినా పురుగుకు ఆకు తప్పీయొద్దండి" అని పెద్దమ్మ ముందే చెప్పి పెట్టిందట.

పెద్దాయన సంతాపం చెప్పి, "మన అతిథి ఒక్కసారి పురుగులు చూస్తారు," అంటూ షెడ్డు వైపు అడుగు వేశారు. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"సార్, మీరు సెంటు పూసుకున్నారు, లోపలికి రాకూడదు," అన్నాను. తర్వాత అతిథితో ఇంగ్లీషులో చెప్పాను. బూట్లు విప్పాలని, ఈ నీళ్ళలో కాళ్ళూ చేతులూ కడుక్కోవాలని, దోమల మందు పూసుకుని ఉంటే బయటే ఉండాలని. ఆరేళ్ళ కిందట ఇది చెప్పనందుకు సగం పంట పోయిందని, చెప్పనిది నేనేనని.

పెద్దాయన మొహం ఎర్రబడింది. వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. అతిథి మాత్రం బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పడిపోకుండా నా భుజం పట్టుకుని నీలం టబ్బులో దిగాడు. లోపల వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు రేకుల మీద చినుకుల్లా వినబడుతోంది.

కోడలు ఆకుల మోపుతో వచ్చి, అతని కాళ్ళు చూసి ఆగింది.

"మడమలు అట్లే ఉండాయి బావా. ఇంగా కొంచెం కడుక్కోమను."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను వంగి మడమలు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.