నూట ఇరవై అట్టల తీగ

2002వ సంవత్సరం. చీరాలలో చేనేత చీరలకు డిజైన్లు గీసి బతుకుతున్నాను. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా గ్రంథాలయం బల్ల మీద, నాకు నేనే. మా పని తెలియనివారికి ఒక మాట. చీర అంచు మీద వచ్చే బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీస్తాం. దాన్ని గ్రాఫ్ అంటాం. గ్రాఫ్‌లో ఒక్కో వరుసకు ఒక్కో అట్ట చొప్పున చిల్లులు కొట్టి, అట్టలన్నీ దండలా కుట్టి, మగ్గం పైనుండే జకార్డు అనే సాధనానికి వేలాడదీస్తారు. అట్ట తిరిగినప్పుడల్లా ఏ పోగు లేవాలో అది లేస్తుంది. నాకు కూలి అట్టల లెక్కన. బొమ్మ బాగుందా లేదా అన్నదానికి ఏ లెక్కా లేదు. ఇరవై ఏళ్ళు ఈ అన్యాయాన్ని తిట్టుకుంటూనే గీశాను.

ఆ ఏడు మా కోటయ్య, అంటే నేతవారికి నూలిచ్చి చీరలు నేయించుకునే మాస్టర్ వీవర్, కొత్త అంచు కావాలన్నాడు. తీగ, తీగ మీద చిలకలు. రెండువందల నలభై అట్టలు. అది నేసేవాళ్ళకే ఇకమీదట నూలన్నాడు.

మర్నాడే మస్తానమ్మ వచ్చింది. భర్త పోయాక ఒక్క మగ్గం మీద ఇల్లు నడుపుతున్న మనిషి. ఆమె పాక కప్పు చేతికందుతుంది. అంత పొడుగు దండ వేలాడదీస్తే అట్టలు నేలకు దిగి, చెమ్మకు మెత్తబడి, చిల్లులు చెడిపోతాయి.

"సగం అట్టల్లో అయ్యేట్టు చూడు బాబాయ్. లేకపోతే మగ్గం అమ్మేసి దర్శి వైపు మిరప కోతలకు పోవాల."

"సగం అట్టలైతే సగం తీగే వస్తదమ్మా. నేనేమన్నా గారడీవాణ్ణా?"

ఆమె కదల్లేదు. "పోయినేడు తప్పు పడి జానెడు ఊడదీశాను. ఊడదీసేప్పుడు అట్టల్ని వెనక్కి తిప్పుతాం గదా. మళ్ళీ ముందుకు తిప్పడం మర్చిపోయి అట్టానే నేసుకుంటా పోయా. బొమ్మ ఎక్కినట్టే ఎక్కి, మళ్ళీ దిగొచ్చింది. కోటయ్యగారు ఆ చీర వెనక్కి కొట్టారనుకో. నా కంటికైతే బానే ఉంది."

నేను బల్ల దగ్గర బతికినవాణ్ణి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ఎరగను. నూట ఇరవై అట్టలు ముందుకు, మళ్ళీ అవే వెనక్కి! గీసుకెళ్ళి చూపిస్తే కోటయ్య పగలబడి నవ్వాడు.

"చిలకల్ని వెయ్యమంటే గబ్బిలాల్ని వేశావేందయ్యా!"

నిజమే. తీగ దిగేటప్పుడు చిలక తలకిందులవుతుంది. చిలకను తీసేసి, ఎటు తిప్పినా నిలబడే రూపం కోసం మూడు వారాలు వెతికాను. చివరికి పగిలిన పత్తికాయ కుదిరింది. తీగకు పత్తి కాస్తుందా అని అడక్కండి, అంచు మీద అన్నీ కాస్తాయి. మస్తానమ్మ నేసిన మొదటి చీర పరిస్తే కోటయ్య అంచును వేలితో తడుముతూ చాలాసేపు చూశాడు.

"బాగుంది. నూట ఇరవై అట్టలేగా, ఆ కూలి తీసుకో."

నాకు ఒళ్ళు మండింది. "సగం తగ్గించడానికి మూడింతలు చాకిరీ చేశాను. బుర్రకు కూలి లేదా కోటయ్యా? రేపు ఒక్క అట్టతో చీరంతా నింపితే ఒక్క అట్ట డబ్బులే ఇస్తావా?"

"అరవమాక. కొనేవాళ్ళు మెచ్చితే నిండా ఇస్తా. మెచ్చకపోతే నీ బుర్ర నీ దగ్గరే ఉంటది."

మెచ్చారు. మొదటి విడత చీరలు అమ్ముడుపోయి, మళ్ళీ కావాలన్నారు. మస్తానమ్మకు నూలు ఆగలేదు. కోటయ్య రెండువందల నలభై అట్టల కూలి నా చేతిలో పెట్టాడు. గెలిచానన్న పొగరుతో నేరుగా ఆమె పాకకు వెళ్ళి, నేనేమన్నానో, అతనేమన్నాడో అభినయించి మరీ చెప్పాను.

ఆమె అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెను ఆపి విన్నది. "బానే అడిగావు బాబాయ్. మరి అట్టల్ని వెనక్కి తిప్పొచ్చని ఎవరు చెప్పారో అడిగాడా?"

ఆలోచనకు ధర లేదా అని వీధంతా వినేట్టు అరిచినవాణ్ణి, ఆ ఆలోచన ఎవరిదో ఒక్కసారైనా అనలేదు. డబ్బులో సగం తీసి ఇవ్వబోయాను.

"ఇయ్యి, తీసుకుంటా. వద్దనను. ఆ గళ్ళ కాయితం మీద రాయడం కూడా నేర్పు."

ఆదివారాలు వచ్చి నా బల్ల దగ్గర కూర్చునేది. మొదటి రోజే నా కొత్త గ్రాఫ్‌లో ఒక ఆకు మీద వేలు పెట్టి, "ఇక్కడ పోగు మరీ పొడుగ్గా తేలుద్ది. కట్టుకున్నామె గాజుకు తగులుకుంటే చీర పోయినట్టే" అంది. కోపం వచ్చింది. గళ్ళు లెక్కపెట్టి చూసి, రబ్బరు ఆమె చేతికిచ్చాను.

విలువ శ్రమలో ఉందని కొన్ని పుస్తకాలు, కొనేవాడి కోరికలో ఉందని కొన్ని వాదిస్తాయి. రెంటినీ చదివాను, రెంటితోనూ పోట్లాడాను. ధర కట్టే ముందు ఈ వస్తువులో ఎవరెవరి తెలివి ఉందో అడగాలని మాత్రం మస్తానమ్మ దగ్గరే నేర్చుకున్నాను. రెండేళ్ళకు ఆమె గీసిన మొదటి గ్రాఫ్ మగ్గమెక్కింది. కింద మూలన ఆమె తన పేరు రాసుకుంది. అంతకు ముందు నేను గీసిన ఒక్క గ్రాఫ్ మీదా నా పేరు లేదు. రాసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.