ముత్తమ్మ వాటా

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, హాస్టల్లో నాలుగేళ్లు నా పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలికి చెప్పలేదు. ఏదైనా రాసుకోనిదే నిద్రపట్టని నేను, డైరీలో కూడా దీన్ని పూర్తిగా రాయలేదు. ఉందో లేదో ఎవరికీ తెలియని ఒక అమ్మాయి పేరు పిలిచినప్పుడు, ఆమెకు బదులు "ఉన్న" అని పలికింది నేను.

ఖమ్మంలో నేను పనిచేసే ఆసుపత్రిలో పొద్దున పూట పేషెంట్ల పేర్లు పిలుస్తారు. ఒక్కోసారి ఎవరూ పలకరు. పిలిచిన మనిషి ఆగుతుంది, మళ్లీ పిలుస్తుంది, మళ్లీ ఆగుతుంది. హాల్లో అంత మంది ఉన్నా ఆ కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. అప్పుడు నా చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోతుంది. మిషన్ నూనె వాసన ముక్కుకు తగులుతుంది. సూది పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది. ఆ చెయ్యి జానీబీ పెద్దమ్మది.

జానీబీ పెద్దమ్మకు జూలూరుపాడు బస్టాండు వీధిలో కుట్టుదుకాణం ఉండేది. వాళ్ల తాతల కాలం నుంచి అదే ఇల్లు, అదే పని. దారం కట్టిన కళ్లద్దాలు, మెడలో టేపు, వేళ్ల మధ్య ఎప్పుడూ ఒక సుద్దముక్క. మా ఊరు అక్కడి నుంచి అడవిలోకి గంట ప్రయాణం. ఇంటర్ అయ్యాక సెలవుల్లో అంచులు కుట్టడం నేర్చుకోమని అమ్మ నన్ను ఆమె దగ్గర వదిలిపెట్టింది. నాకు కుట్టుకంటే, ఆమె గుడ్డలు చుట్టడానికి తెచ్చుకున్న పాత పత్రికలు చదవడం ఇష్టం. అది ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉండేది. కానీ నా నోరు మూగపడటం మాత్రం ఆమె సహించలేదు. వచ్చిన ఆడవాళ్ల కొలతలు నాతోనే తీయించి, పైకి చెప్పమనేది.

"ఛాతీ ఎంత?" మిషన్ మీది నుంచి తల ఎత్తకుండా అడిగేది.

నేను టేపు చూసి గొణిగేదాన్ని.

"ఏందీ? చీమలకు చెప్తున్నవా? నాకు చెప్పు."

"ముప్పై నాలుగు."

"గొంతు ఏ పెట్టెల పెట్టి తాళమేసినవే పిల్లా? జల్దీ తియ్యి, తుప్పు పడతది."

బట్టలకొచ్చిన ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నాకు చెవుల దాకా వేడెక్కేది. వారం తిరిగేసరికి మాత్రం వీధి అవతల టీ కొట్టు దాకా వినపడేలా కొలతలు చెప్పడం నేర్చుకున్నాను.

ఆ దుకాణంలో వెనక గోడకు ఒక తెల్ల యూనిఫాం వేలాడుతూ ఉండేది, నర్సింగు పిల్లలు వేసుకునేది. ఎవరూ తీసుకుపోరు. నెలకోసారి పెద్దమ్మ దాన్ని దించి, దుకాణం వెనక నల్లా దగ్గర ఉతికి, ఇస్త్రీ చేసి మళ్లీ వేలాడదీసేది. ఒకరోజు ఇస్త్రీ నేను చేస్తుంటే అంచు మడతలోంచి బల్ల మీద సన్నటి ఇసుక రాలింది. తెల్లగా మెరిసే వాగు ఇసుక. నల్లా దగ్గరంతా నల్లమట్టే.

"ఇసుక ఎక్కడిది పెద్దమ్మా?" అన్నాను.

ఆమె దాన్ని అరచేత్తో తుడిచి, బయటికి పారబోయకుండా, దారపు కండెల డబ్బాలో పోసుకుంది. డబ్బా అడుగున అలాంటి ఇసుక అప్పటికే వేలెడు మందం ఉంది.

"ఉతికినప్పుడల్లా వస్తది," అంది. "అడుగకు."

ఎందుకు అడగొద్దో చాలా రోజుల తర్వాత తానే చెప్పింది. దానికి ముందు మా వైపు చదువు రోజు గురించి చెప్పాలి.

ఎండాకాలం వస్తే మా ఊళ్లల్లో అందరం తునికాకు కోతకు పోతాం. బీడీలు చుట్టే ఆకు అది. తెల్లవారుజామున కోసుకొచ్చి, కట్టలు కట్టి, ఊరి బయట కల్లంలో ఆరబెడతాం. ఆ కోత రోజుల్లో ఒక్కరోజు ఎవరి కట్టలు వాళ్లవి కావు. ఆ రోజు ప్రతి ఇల్లూ కోసిన ఆకంతా చదువులకు పోతుంది. దానితో వచ్చింది మా నాలుగు ఊళ్లల్లో పై చదువుకో, పని నేర్చుకోవడానికో పోయేవాళ్ల ఫీజులకు, హాస్టలుకు, బస్సు పాసుకు ఇస్తారు. ఈ పద్ధతి మొదలుపెట్టిన వాళ్లలో పెద్దమ్మ ఒకతె. ఆమె ఆకు కోయదు. అడవిలో ఊళ్లన్నీ తిరిగి జాకెట్లు కుట్టే మనిషి కాబట్టి, ఏ ఇంట్లో ఏ పిల్ల చదువు మధ్యలో ఆగిందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కోతలయ్యాక ఒక ఆదివారం పగలు మా ఊరి బడిలో అందరూ కూర్చుంటారు. అర్జీ పెట్టుకున్నవాళ్ల పేర్లు పెద్దమ్మ పిలుస్తుంది. పిలిచినవాళ్లు "ఉన్న" అని పలికి, లేచి, తమకు ఏం కావాలో తమ నోటితో చెప్పాలి. దానికి ఒకటే కట్టుబాటు. ఒకరి పేరుకు ఇంకొకరు పలకకూడదు. తల్లి అయినా, తండ్రి అయినా సరే.

ఆ కట్టుబాటు ముత్తమ్మ వల్ల వచ్చింది.

ముత్తమ్మ వాగు అవతలి కోయ గూడెం పిల్ల. పెద్దమ్మ దగ్గర కుట్టు నేర్చుకుంటూ పది చదివింది. మొదటి ఏడాది చదువు రోజు డబ్బు ఆమె నర్సింగు ట్రైనింగుకే అనుకున్నారు. పెద్దమ్మ ముందుగానే యూనిఫాం కుట్టిపెట్టింది. ఆ ఆదివారం తండ్రి సంత మీదుగా ఆటోలో వచ్చాడు. కూతురు అడవి దారిన నడిచి వస్తానంది. బడిలో ముత్తమ్మ పేరు పిలిచేసరికి ఆయన, పిల్ల బయట ఆడపిల్లలతో నిలబడి ఉంటుందనుకుని, "ఉన్నది, ఉన్నది" అన్నాడు.

"ఉన్నదంటే ఉన్నదనుకున్న బిడ్డా," అంది పెద్దమ్మ నాతో. "కాయితం మీద టిక్కు పెట్టిన. తల ఎత్తి చూడలే. ఆ ఒక్క మాటకు పొద్దుగూకేదాక ఎవ్వరం ఎతకలే."

తర్వాత ఎన్ని రోజులు వెతికినా ముత్తమ్మ దొరకలేదు. వాగు ఒడ్డున ఆమె చెప్పులు మాత్రం దొరికాయి. మా ఊరి వైపు ఒడ్డున, రెండూ పక్కపక్కన, ఎవరింట్లోకో పోతూ గుమ్మం ముందు విడిచినట్టు. వాగులో ఆనాడు చీలమండ మునిగేంత నీళ్లు కూడా లేవు.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ మొదట పిలిచే పేరు ముత్తమ్మదే. పిలిచి, పెద్దమ్మ మెడలోని టేపుకు గుచ్చుకున్న సూదిని తీసి దారం ఎక్కించేది. దారం ఎక్కేదాకా ఎదురుచూడటం. ఆమెకు చూపు తగ్గేకొద్దీ ఆ ఎదురుచూపు పెరిగింది.

"సూదికి కన్ను లేదా జానీబీ, నీకు లేదా?" అని మా ఊరి పెద్ద సీతయ్య తాత ఎకసెక్కమాడేవాడు. ఆయన నవ్వేవాడే గానీ, దారం ఎక్కకముందు కదిలేవాడు కాదు. ముత్తమ్మకని అనుకున్న వాటా అలాగే పక్కన ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

నా వంతు వచ్చిన ఏడాది, కోతల మధ్యలో వడగండ్లు పడి ఆకంతా చిల్లులు పడింది. చదువు రోజున వచ్చింది ఒక్కరికి సరిపోతే గొప్ప. అర్జీలు రెండు. ఒకటి భర్త పోయి, ఇద్దరు పిల్లలతో కంప్యూటర్ కోర్సుకు పోవాలనుకుంటున్న అరుణక్కది, రెండోది స్వరూప పేరుతో నేను పెట్టుకున్నది. అరుణక్కకే ఇవ్వాలని నాకూ తెలుసు. కానీ ఖమ్మంలో నాకు నర్సింగు సీటొచ్చింది, ఫీజు కట్టడానికి నాలుగు రోజులే ఉంది. అది దాటితే మేనమామ వాళ్ల బట్టల కొట్లో పనికి పెట్టేస్తానని నాన్న చెప్పేశాడు.

ఆ పొద్దున్నుంచి నేను ఒకటే మాట లోపల అనుకుంటున్నాను. ఉన్న. ఉన్న. గొంతు రాకపోతే ఎలా అని భయం. బడిలో కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చున్నాను. తలుపు నాకు ఎదురుగా, గదికి అవతలి వైపు. గుమ్మంలో సీతయ్య తాత కుక్క పడుకుని ఉంది. ఎండ తెల్లగా కొడుతోంది.

"ముత్తమ్మ," అని పిలిచింది పెద్దమ్మ. సూది తీసింది.

మొదట పిలిచేది ఆమె పేరేనని నాకు తెలుసు. పలకకూడదనీ తెలుసు. ఎందుకు పలకకూడదో ఆ గదిలో చాలామంది కంటే నాకే ఎక్కువ తెలుసు. దారం సూది దాకా వెళ్లి తప్పిపోవడం చూస్తున్నాను. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట బయటికొచ్చేసింది.

"ఉన్న."

తెలిసి అన్నానా, తెలియక అన్నానా? ఇన్నేళ్లుగా ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు జవాబు దొరకలేదు. పొద్దున్నుంచీ పళ్ల వెనక నిలబడి ఉన్న మాట జారిపోయిందని ఒకసారి అనిపిస్తుంది. ఆ ముట్టని వాటా మీద నా కన్ను పడిందేమోనని ఒకసారి అనిపిస్తుంది.

అందరూ నా వైపు తిరుగుతారని తల దించుకున్నాను. కాసేపటికి తల ఎత్తి చూస్తే, గదిలో ఒక్కరు కూడా నా వైపు చూడటం లేదు. అందరూ తలుపు వైపు తిరిగి ఉన్నారు. గుమ్మంలో కుక్క లేచింది. మొరగలేదు. లోపలికొచ్చే మనిషికి దారి ఇస్తున్నట్టు గోడవారగా జరిగి నిలబడింది.

పెద్దమ్మ చేతిలో సూది లేదు. ఎప్పుడు పడిపోయిందో.

"వచ్చింది," అంది చాలా మెల్లగా. "ఆమె వాటా ఇగ దాసుడు వద్దు. దాన్ని స్వరూపకు ఇద్దాం."

"జానీబీ, గాలికేదో..." అని సీతయ్య తాత మొదలుపెట్టాడు.

"నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

తాత చాలాసేపు తలుపు వైపే చూశాడు. "అవ్, ఇన్న," అన్నాడు. ఆ రోజు ఆయన మళ్లీ ఎకసెక్కాలు ఆడలేదు.

అలా అరుణక్కకు ఆ ఏటి డబ్బు, నాకు ముత్తమ్మ వాటా వచ్చాయి. నా పేరు పిలిస్తే నేను పలకలేకపోయాను. లేచి నిలబడ్డాను అంతే. ఆ సాయంత్రం డైరీలో తేదీ కింద "ఉన్న" అని ఒక్క మాట రాసి మూసేశాను. ఖమ్మం బస్సెక్కే రోజు పెద్దమ్మ ఆ తెల్ల యూనిఫాం తెచ్చి ఇచ్చింది. నా కొలతలు ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. అయినా భుజం దగ్గరా నడుం దగ్గరా ఎక్కడా దారం విప్పాల్సిన పని పడలేదు. హాస్టల్లో మొదటి ఏడాదంతా దాన్ని ఉతికినప్పుడల్లా బకెట్ అడుగున సన్నటి ఇసుక మిగిలేది.

తర్వాత కూడా పెద్దమ్మ మొదట ముత్తమ్మ పేరే పిలిచేది. "ఒకపారి పలికింది కద, ఇంకా ఎందుకు?" అని ఎవరో అడిగారట. "ఒకపారి వచ్చినోళ్లు మళ్లా రారా?" అందట. సెలవులకు వెళ్లినప్పుడల్లా నిజం చెప్పాలనే అనుకునేదాన్ని. ఆమె ముఖంలో కొత్తగా వచ్చిన నెమ్మదిని చూసి ఊరుకునేదాన్ని. ఒక తండ్రి అన్న అబద్ధపు మాటకు సగం జీవితం కుమిలిన మనిషికి, నేను రెండో అబద్ధం ఇచ్చి నిమ్మళపరిచానని, దానితోనే నర్సునయ్యానని లోపల ఒక ముల్లు. వార్డులో ఎవరైనా నన్ను సిస్టర్ అని పిలిస్తే, పిలిచింది నన్నేనా అని ఒక క్షణం సందేహం. అందుకేనేమో, పేరు పిలిచి పలకని పేషెంటు కోసం నేను బయటికి వెళ్లి, మెట్ల దాకా చూసి, ముఖం చూస్తే గానీ రాసుకోను. పక్కవాళ్లు "ఉన్నారు సిస్టర్" అంటే నమ్మను. పెద్దమ్మ నుంచి నాకు వచ్చిన అలవాటు అది.

ఈ ఏడాది కోతలైపోయాయి. సీతయ్య తాత ఫోన్ చేశాడు. "పెద్దమ్మ లేదాయె. వచ్చే ఆదివారం పేర్లు నువ్వే పిలువాలె బిడ్డా. నీకంటే గొంతున్నోళ్లు ఎవరున్నరు?" అన్నాడు. నా గొంతు గురించి అలా అన్న మొదటి మనిషి ఆయనే. సూదీ దారం సంచిలో పెట్టుకున్నాను. మొదట ఏ పేరు పిలవాలో నాకు తెలుసు. ఆ పేరు పిలిచాక నా నోరు మూసుకుని, తల ఎత్తి, తలుపు వైపు చూడాలి. ఆ చూడటమే నాకు భయం.

ఎందుకంటే పెద్దమ్మ పోయిన చలికాలంలో మా ఆసుపత్రిలోనే, మా వార్డులోనే ఉంది. ఊపిరి అందేది కాదు. ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుంటే, ఆమె కాస్త తేరుకుంది. ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించి మంచం పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు బడిల..." అన్నాను.

ఆమె ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది. సుద్దముక్క పట్టుకున్నట్టే మడిచిన వేళ్లతో నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు పలికినవని నాకెరికే బిడ్డా," అంది. "నీది రెండో గొంతు. మొదటిది తలుపు కాడి నుంచి వచ్చింది."