గొడుగు గుడ్డ తొడుగు

పాస్టరమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "నువ్వు దినామూ చదివే ఇంగ్లీషు వాక్యంలోంచి ఒక భాగం చదివి, మాకు అర్థం చెప్పు తల్లీ" అన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం నా పరువు మైపాడు సముద్రంలో మునగబోతోంది. పాపం, దానికి ఈత కూడా రాదు.

ఎందుకంటే నేను రోజూ చదువుతున్నది దేవుని వాక్యం కాదు. ఒక నవల. మద్రాసు కాలేజీలో నాతో చదివిన స్నేహితురాలు ఇచ్చింది. పేజీలకు పేజీలు ఫుల్‌స్టాప్ లేకుండా సాగుతుంది. అందులో బతికున్నవాళ్ళెవరో, పోయినవాళ్ళెవరో రాసినాయనకైనా తెలుసో లేదో. "దీన్ని పూర్తి చేసినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు" అని ఆవిడ అనడమే నా కొంప ముంచింది. రోజుకో పేజీ చదివి తీరాలని పట్టు పట్టాను. ఉప్పుగాలికి అట్ట ఊడిపోతుంటే పాత గొడుగు గుడ్డతో నల్లటి తొడుగు కుట్టాను. అదీ నా బి.ఏ. తెలివి.

అచ్చం బైబిలులా నల్లటి లావు పుస్తకం, చేతిలో పెన్సిలు, కదిలే పెదవులు. మా అత్తగారు చూశారు. మరునాటి నుంచి పొద్దున్నే ఆ అరగంటా పిల్లలిద్దరినీ ఆవిడే పట్టుకుపోయి నీళ్ళు పోసేవారు. "మా కోడలు వాక్యం చదువుకుంటా ఉండాది" అని వీధిలో చెప్పడం నా చెవిన పడింది. కాదంటే ఆ అరగంట పోతుంది. చంటిపిల్లల తల్లికి అరగంటంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? నోరు మూసుకున్నాను. అప్పటినుంచి అనుమానం జబ్బు పట్టుకుంది. అత్తగారు దగ్గితే అనుమానం. పాలమనిషి తొంగిచూస్తే అనుమానం. పిల్లి వచ్చి పుస్తకం మీద పడుకుంటే, దీనికి ఇంగ్లీషు వచ్చునేమోనని అనుమానం.

ఇప్పుడు మా ఇంట్లోనే ప్రార్థన కూటం. చాపనిండా ఆడవాళ్ళు. నవల తెరిచి, హాస్టల్లో కంఠతా పట్టించిన ఒక బైబిలు కీర్తన ఇంగ్లీషులో అందుకున్నాను. కళ్ళు పేజీ మీద, మనసు హాస్టల్లో. ఇంతలో సముద్రపు గాలి వచ్చి బోలెడు పేజీలు తిప్పేసింది. నా చదువు మాత్రం వల లాగేవాళ్ళ పాటలా ఆగకుండా సాగిపోయింది. అర్థం కూడా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

"ఏదీ, ఒకసారి ఇట్టియ్యి" అని పాస్టరమ్మ పుస్తకం అందుకున్నారు. తొలిపేజీ చూశారు. నన్ను చూశారు. "అక్షరాలు సన్నంగా ఉండాయి. కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చినా" అని మూసి ఇచ్చేశారు.

కళ్ళద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

అందరూ వెళ్ళాక అత్తగారు చాప చుడుతూ, "ఆ నవల ఇంకెన్ని దినాలు పడతాదమ్మే?" అన్నారు.

"మీకెట్లా తెలుసత్తా?"

"గాలికి పేజీలు పోతే వెనక్కి తిప్పకుండా ఆడనుంచే చదవతా ఉంటివి, మొదటి దినం నుంచీ. వాక్యం అట్ల చదవతారా ఎవురైనా? పైగా తల గోక్కోవడం ఒకటి."

"మరి వీధిలో అట్లా చెప్పారే?"

"ఏం చెప్పమంటావు? బి.ఏ. చదివిన నా కోడలు అర్థంకాని బుక్కు ముందర కూసోని ఉండాదని చెప్పమంటావా? ఆ అరగంట నువ్వు పిల్లోళ్ళ మీద అరవ్వు. నాకది చాలు."

తెల్లవారగానే పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఈ జన్మలో మీ అమ్మ ఇంకే పుస్తకానికీ నల్ల తొడుగు కుట్టదు. గాలికి పేజీలు తిరిగిపోతే, అర్థమైనా కాకపోయినా, వెనక్కి తిప్పే చదువుతుంది. ఇక నాయనమ్మ దగ్గరికి పోండి, నీళ్ళు కాగాయి."