కళావరు ఎనిమిది

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేనొక పేకముక్కను మోస్తున్నాను. ఊదితే ఎగిరిపోయే అట్టముక్క. అది నా పెట్టెలోనూ లేదు, బీరువాలోనూ లేదు. ఆ పేక మొత్తం ఎప్పుడో చెదలు తినేసింది. అయినా మోస్తూనే ఉన్నాను. భోజనం ముందు కూర్చున్నప్పుడు, గుళ్ళో దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు, ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు దాని బరువు తెలుస్తుంది. మెచ్చుకున్నప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా వీధిలో వాళ్ళకు చెప్పాలంటే నోరు పెగలదు. నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

రాయడం ఇందుకోసం మొదలుపెట్టలేదు. నా మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఫోనులో పోకర్ అని ఒక పేకాట ఆడుతుంది. ఉత్త బిళ్ళలతోనే లెండి. డబ్బుతో ఆడుతోందని తెలిస్తే ఆ ఫోను ఈపాటికి నూతిలో ఉండేది. ఆ ఆటలో మాటలన్నీ నాకు ఒక్కొక్కటే చెప్పింది. ఫోల్డ్ అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం. ఆల్ ఇన్ అంటే ఉన్నదంతా ముందుకు తోసెయ్యడం. బ్లఫ్ అంటే చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు ఆడటం. "మీ కాలంలో ఏమనేవారు మామ్మా? మీ మాటలన్నీ రాసివ్వు, మా ఆటగాళ్ళ గ్రూపులో పెడతాను. నీ పేరు పెట్టనులే" అంటూ తన పోయిన ఏడాది కాలేజీ నోటుబుక్కు ఒకటి ఇచ్చింది. అందులో సగం కాగితాలు ఖాళీ. పారేస్తుందేమోనని నేనే అడిగి తీసుకున్నాను అనుకోండి.

రాశాను. ముక్క అంటే కార్డు. పేక అంటే ముక్కల కట్ట. నల్లవి ఇస్పేటు, కళావరు. ఎర్రవి ఆఠీను, డైమను. కలపడం అయ్యాక పక్కవాళ్ళ చేత కత్తిరింపించాలి, లేకపోతే పంచేవాళ్ళ మీద అనుమానం వస్తుంది. మేమాడింది ఏడు ముక్కల రమ్మీ. జోకరు లేని వరుస ఒకటి పడేదాకా ఎవరికీ ఊపిరాడదు. చెయ్యి బాగోలేదంటే ముక్కలు బాగా పడలేదని. ఆట పడేశానంటే ఇక ఆడనని. షో అంటే అంతా కలిసింది, చూసుకోండి అని.

ఇంతవరకు ఒక పూటలో అయిపోయింది. తరవాత మాట రాయబోయి ఆగిపోయాను. దొంగముక్క. ఆ మాట రాసి, పక్కన అర్థం రాయకుండా నోటుబుక్కు మూసేశాను. నాలుగు రోజులయింది.

మాది పాలకొల్లు. అప్పట్లో మా ఆయనకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళు కొట్లకు వెళ్ళిపోతే, మాణిక్యమ్మ పిన్నిగారి వసారాలో చాప పరిచి అయిదుగురం ఆడవాళ్ళం పేకాడేవాళ్ళం. పిన్నిగారు అందరిలోకీ పెద్ద, పేక ఆవిడదే. నా పక్కన ఎప్పుడూ కనకం వదిన. రైసుమిల్లు గుమస్తాగారి భార్య. నాకు ఆట నేర్పింది ఆవిడే. నాకు ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వచ్చాయంటే అవి ఆవిడ పేకముక్కల మీద చూపించినవే. ఎక్కడ కూర్చున్నా పక్కన నాకు చోటు ఉంచేది. చెంగుతో నేల తుడిచి మరీ ఉంచేది.

మా ఆటలో డబ్బు లేదు. చింతపిక్కలతో లెక్క. కానీ ఒక పందెం ఉండేది. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఓడినవాళ్ళు మర్నాడు అయిదుగురికీ కాఫీ పెట్టాలి. మిగతావాళ్ళకు అది సరదా. నాకు కాదు. అయిదు గ్లాసుల కాఫీ అంటే ఎన్ని పాలు? మా ఇంట్లో ఆ పాలతో పెరుగు తోడుపెట్టుకుంటే రెండు పూటలు వెళ్ళేది. ఒకసారి వరసగా నాలుగు రోజులు నేనే కాఫీ పెట్టవలసి వచ్చింది. నాలుగో రోజు నీళ్ళు కలిపాను. పిన్నిగారు ఒక గుక్క తాగి, "ఏంటే, గోదావరి మీ ఇంటి మీదుగా వచ్చిందా?" అన్నారు. అందరూ నవ్వారు. కనకం వదిన కూడా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు ఆ నవ్వు ఇంకా గుర్తుంది.

అయిదో రోజు కాఫీ పెట్టకూడదనుకున్నాను. అంతే. దీనికంతటికీ మొదలు అంతే. చెప్పుకోవడానికి ఒక పెద్ద కారణమైనా లేదు. ఆకలి కాదు, అవసరం కాదు. సోలెడు పాలు.

ఆ నాలుగో రోజే ఒక ఆటలో కనకం వదిన కళావరు ఎనిమిది కోసం ఒకటే తపించిపోయింది. "ఆ ఎనిమిది ఎక్కడ చచ్చిందో!" అంటూనే ఉంది. అది నా చేతిలో ఉంది. ఆట అయిపోయింది. ముక్కలన్నీ మధ్యలో పోసేటప్పుడు నేను ఆ ఎనిమిదిని పొయ్యలేదు. మోకాలి కింద పెట్టుకున్నాను. ఎనిమిది నడిమి ముక్క కదా, అటు ఆరు ఏడులతోనూ అతుకుతుంది, ఇటు తొమ్మిది పదులతోనూ అతుకుతుంది. తరవాతి ఆటలో ఎలాగో ఒకలా పనికొస్తుందనుకున్నాను. చిరిగిన పాత గుడ్డను కూడా పనికొస్తుందని దాచే మనిషిని. ముక్కను కూడా అలాగే దాచాను.

పిన్నిగారు పేక కలిపి అరచేతిలో ఎత్తి చూశారు. "ఏంటే, పేక పలచగా ఉంది?" అన్నారు. ఒక్కొక్క ముక్కే చాప మీద వేస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అందరి కళ్ళూ ఆవిడ వేళ్ళ మీద ఉన్నాయి. నన్నడక్కుండానే నా చెయ్యి కదిలింది.

కాదు. అది అబద్ధం. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట అది. చెయ్యి దానంతటదే ఎలా కదులుతుంది? చాప కింద దోపవచ్చు. నా వెనక పడేసి, ఎగిరి పడిందేమో అనవచ్చు. ఆ ముక్కను మధ్యలోకి తోసేసి, "ఇదిగో పిన్నిగారూ, నా చీర కింద ఉండిపోయింది" అనవచ్చు, నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. ఈ మూడూ నాకు తోచాయి. తోచాక కూడా కనకం వదిన విసనకర్ర కింద పెట్టాను. ఎందుకు? నా నీళ్ళ కాఫీకి ఆవిడ నవ్వినందుకా? ఆవిడ ఎప్పుడూ ఓడిపోనందుకా? అంత మంచిగా చూసుకునే మనిషి మీద అంత కక్ష ఎక్కడ దాక్కుందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

"ఒకటి తక్కువ" అన్నారు పిన్నిగారు.

"లేవండర్రా, ఏ కోడి పొదుగుతోందో చూద్దాం!" అంటూ కనకం వదినే ముందు లేచింది. నవ్వుతూ విసనకర్ర తీసింది. కింద కళావరు ఎనిమిది.

"అయ్యో కనకం! ఇందుకా మాకు మీ ఇంటి కాఫీ రుచి ఇంతవరకు తెలియలేదు!" అన్నారు పిన్నిగారు. అందరూ నవ్వారు. తరవాత ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు.

"నేను కాదు పిన్నిగారూ. ఒట్టు. వదినా, నువ్వు చెప్పు. నా పక్కనే కూర్చున్నావుగా."

"నేనేం చెప్పను వదినా? ఎనిమిదీ ఎనిమిదీ అని ఇందాకట్నుంచి కలవరిస్తున్నది నువ్వేగా."

ఇదీ నేనన్న మాట. తెలియదని కూడా అనలేదు. నేరం ఆవిడ నెత్తిన పెట్టి, పైన బరువు కూడా పెట్టాను. ఆవిడ నా వైపు చూసింది. మొహం మీద చూపు ఒక్క క్షణం ఉంది, తరవాత కిందకు దిగింది. సిగ్గుపడి కళ్ళు దించుకుందనుకున్నాను. విసనకర్ర తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ చాప మీదకు రాలేదు.

చింతపిక్కల ఆటకు ఇంత గొడవేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. నాలుగు రోజులు పోతే మరిచిపోతారనుకున్నాను. రెండు నెలలకు పిన్నిగారింట్లో పెళ్ళి వచ్చింది.

మా వైపు పెళ్ళిలో కొట్టుగది తాళం ఒక ఆడమనిషి చేతికిస్తారు. నెయ్యి డబ్బాలు, జీడిపప్పు, కాజాలు, పెట్టే చీరలు, ఒక్కోసారి నగల పెట్టె కూడా ఆ గదిలోనే ఉంటాయి. తాంబూలంలో పెట్టి ఇస్తారు ఆ తాళం. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా అది కనకం వదినకే ఇచ్చేవారు. డబ్బున్న ఇల్లు కాదు వాళ్ళది. ఆ తాళమే ఆవిడకు గౌరవం. ఈసారి పిన్నిగారు తాంబూలం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "కనకాన్ని అనుమానించి కాదే. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు కదా. నువ్వయితే గట్టిదానివి" అన్నారు.

ముక్క దాచినప్పుడు కంగారు పడ్డానని చెప్పుకోవచ్చు. తాళం తీసుకున్నప్పుడు కంగారు లేదు. తీరిగ్గా చేతులు కడుక్కుని, పమిట సర్దుకుని, రెండు చేతులతో అందుకున్నాను.

అప్పటి నుంచి ఆ తాళం నాదే. ఎన్ని పెళ్ళిళ్ళో! ఒక్క జీడిపప్పు పలుకు పక్కకు పోనివ్వని మనిషినని పేరు. నన్ను చూస్తే పిల్లలు లడ్డూ అడగడానికి భయపడతారు. పెళ్ళిలో అందరూ బంతిలో కూర్చుని తింటారు, నేను తలుపు గడియ పెట్టుకుని పంచదార బస్తా మీద కూర్చుని ఒక్కదాన్నే తింటాను. బయట నవ్వులు వినబడుతుంటాయి. నమ్మకమైన మనిషి పక్కన ఎవరూ తీరిగ్గా కూర్చోరని నాకు ఆ గదుల్లోనే తెలిసింది. అందరూ వచ్చి కావలసింది అడిగి వెళ్ళిపోతారు. నాకోసం నేల తుడిచి చోటు ఉంచినవాళ్ళు ఆ తరవాత లేరు.

కనకం వదిన వాళ్ళు మరుసటి ఏడే జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయారు. ఆయనకు అక్కడ పని దొరికిందన్నారు. నేను అడగలేదు. మూడేళ్ళ కిందట ఇక్కడ ఒక పెళ్ళికి వచ్చింది. కొట్టుగది గుమ్మం దగ్గర నిలబడింది. జుట్టు ముగ్గుబుట్టయిపోయింది, అయినా గుర్తుపట్టాను. షుగరు పడిపోతోంది, కాస్త తీపి ఏదైనా కావాలంది. "లోపలికి రా వదినా, కూర్చో" అన్నాను.

"వద్దులే వదినా, ఇక్కడే ఉంటాను. లోపలికొస్తే మళ్ళీ ఏదో తగ్గిందంటారు" అంది. ఎత్తిపొడిచినట్టు లేదు. వాన వచ్చేలా ఉంది అన్నట్టు అంది. కాజా తీసుకుని, అప్పుడు కూడా నా మొహంలోకి చూసి చూపు కిందకు దించింది. వెళ్ళిపోయింది. పక్కన బస్తా ఉంది, గదిలో ఇంకెవరూ లేరు. చెప్పవచ్చు. చెప్పలేదు.

ఇక పోయిన వారం సంగతి. మనవరాలు నాకు పోకర్ నేర్పింది. ఎన్నిసార్లు ఆడినా నన్ను ఓడిస్తోంది. నేను బ్లఫ్ చేసిన ప్రతిసారీ పట్టేస్తోంది. "ఎలాగే?" అన్నాను.

"నీ టెల్ దొరికిపోయింది మామ్మా."

"అదేంటి?"

"చేతిలో ఉన్నది మొహంలో కనబడకపోయినా, ఒంట్లో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. దాన్నే టెల్ అంటారు. నువ్వు అబద్ధం ఆడేటప్పుడు చెంగు కొస వేలికి చుట్టుకుంటావు. నీకు తెలియదా?"

తెలియదు. కిందకు చూసుకున్నాను. చుట్టుకునే ఉంది.

రోజూ పక్కన కూర్చుని నాతో ఆడిన మనిషి కనకం వదిన. ఇరవయ్యేళ్ళ పిల్ల వారంలో పట్టినదాన్ని ఆవిడ పట్టలేదా? ఆ రోజు ఆవిడ కళ్ళు దించుకున్నది సిగ్గుతో కాదు. నా చెయ్యి చూసింది. గుమ్మం దగ్గర కూడా నా చెయ్యే చూసింది. అన్నీ తెలిసి వెళ్ళిపోయింది. మరి ఎందుకు చెప్పలేదు? చెప్పినా ఎవరూ నమ్మరనా? లేక నేనే చెబుతానేమోనని చూసిందా? గుమ్మం దాకా వచ్చింది నిజంగా తీపి కోసమేనా? ఇన్నేళ్ళూ దాచానని అనుకున్నది, దాచవలసిన ఒక్క మనిషి దగ్గరా దాగలేదన్నమాట.

నిన్న మళ్ళీ తాంబూలం వచ్చింది. వచ్చే నెలలో పెళ్ళి. "మీరుంటే మాకు బెంగ లేదండి మామ్మగారూ" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. పళ్ళెం బల్ల మీద పెట్టించాను. అందులో తాళం ఇంకా అలాగే ఉంది. చేత్తో ముట్టుకోలేదు. జంగారెడ్డిగూడెం బస్సు మా వీధి చివరే ఆగుతుంది. ఎక్కుతానని మీకు మాట ఇవ్వను. నా ధైర్యం ఎంతో నాకు తెలుసు.

ఇది నోటుబుక్కులో ఆటమాటల తరవాత కాగితాల్లోనే రాశాను. చించి దాచేద్దామా అని ఒకసారి అనిపించింది. కాగితం చించడం నా వల్ల కాదు, ఒక్క కాగితం కూడా దండగ చేసి ఎరగను. ఇలాగే మనవరాలి చేతికిస్తాను. ముందు అది చదువుతుంది. తరవాత మీరు. ఇప్పుడు నా రెండు చేతులూ కాగితం మీదే ఉన్నాయి, చెంగు ఒళ్ళో ఊరికే పడి ఉంది.

మధ్యలో వదిలేసిన మాటకు అర్థం రాసి ముగిస్తాను.

దొంగముక్క: ఆటలోంచి తీసి దాచుకున్న ముక్క. ఆ రోజు అది కళావరు ఎనిమిది. దాచింది కనకం వదిన కాదు. నేను.