ఒక్క చెయ్యి తక్కువైంది

తొంభైలలో మేము ఫరీదాబాద్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి చదివే సర్కారు బడిలో పదో తరగతికి రెండు సెక్షన్లు, లెక్కల మాస్టారు మాత్రం ఒక్కరే. ఇకమీదట ఇలాంటివన్నీ పైవాళ్ళు కాదు, తల్లిదండ్రులే తేల్చుకోవాలని కమిటీ వేశారు. హమ్మయ్య, ఇన్నాళ్ళకు మన మాట చెల్లుతుందని పొంగిపోయాను. మా సెక్టారు నుంచి నలుగురం, వెనకున్న గుడిసెల నుంచి నలుగురు. ఆ నలుగురిలో మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూడా ఉంది.

మా పిల్లలది 'ఎ' సెక్షను, వాళ్ళ పిల్లలది 'బి'. మాస్టారు ఎవరికో చేతులెత్తి తేల్చాలి. సమానంగా వస్తే చెరి సగం. 'బి'లో ఉన్న తన కూతురు లెక్కలు గట్టెక్కితే నర్సు ట్రైనింగుకు పంపాలని ఆవిడ ఆశ.

మీటింగు రోజు పొద్దున్నే మా చంటాడికి జ్వరం. మా వారు డ్యూటీకి వెళ్ళిపోయారు.

"కాస్త బాబు దగ్గర కూర్చో, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అన్నాను ఆవిడతో.

"దీదీ, మీటింగు..." అని నసిగింది.

"దానికే వెళ్తున్నా" అంటూ చెప్పులేసుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదో ఏమో! తనూ మెంబరేనని నిజంగా మరిచిపోయానా, గుర్తుండే వెళ్ళానా? ఇప్పటికీ తెలియడం లేదు.

'ఎ' సెక్షనుకు నాలుగు చేతులు లేచాయి, 'బి'కి మూడు. ఆ నాలుగులో నాదొకటి. హెడ్మాస్టరు రిజిస్టరు, ఇంకుప్యాడు నా చేతిలో పెట్టి, "ఆమె మీ ఇంట్లోనే ఉందిగా, తీర్మానానికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయించి పంపండి" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ బాబు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది.

"దీదీ, సార్ మా పిల్లలకు కూడా వస్తారా?"

"ముందు ముద్ర వెయ్యి, చెబుతా."

వేసింది. అప్పుడు చెప్పాను. ఛీ, ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని, "అచ్ఛా. బాబుకి పన్నెండింటికి మందు వెయ్యాలి, మరిచిపోకండి" అంది.

ఆ వేసవిలో ఆవిడ వెంట కూతురూ పనికొచ్చింది. లెక్కలు పోయాయట. పంపు దగ్గర కూర్చుని మా గిన్నెలు గబగబా తోముతోంది. ఇదివరకైతే పైవాళ్ళను నోరారా తిట్టేదాన్ని. ఎవర్ని తిట్టాలో తోచక, ఆ పిల్లకు టీ పెట్టిచ్చాను. తాగేసి, ఆ గ్లాసు కూడా తనే కడిగింది.