బోర్డు తీసేశాక విరిగిన పిన్ను

నిరుడు డిసెంబరు రెండో మంగళవారం, ఉదయం పదకొండుంబావుకి మా పాత రైఫిల్ పేలడం మానేసింది. గుర్గావ్ అవతల షూటింగ్ రేంజిలో తుపాకులు బాగుచేసే మిస్త్రీని నేను. ఆ రైఫిల్ వయసులో నాకంటే పెద్దది.

దాన్ని వాడేది ఒక్క అమ్మాయే. కరీంనగర్ వైపు పిల్ల, ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకుంటోంది. మిగతావాళ్లకి నాన్నలు కొనిచ్చిన కొత్త రైఫిళ్లున్నాయి, ఈమెకి రేంజిదే దిక్కు. శుక్రవారం జట్టు ఎంపిక.

ఆ రకం తూటాకి మందు అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ను వెళ్లి ఆ అంచు మీద కొట్టాలి. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిన్ను నేరుగా ఇనుముకి కొట్టుకుంటుంది. అందుకే ఉత్తినే నొక్కి సాధన చేసేవాళ్లు ముందు ఖోకా, అంటే కాల్చేసిన తూటా ఖాళీ గొట్టం, లోపల పెట్టుకోవాలి. ఆ మాటే బోర్డు రాసి రైఫిళ్ల బీరువా పక్కన గోడకి కొట్టాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నలుగురూ చదవాలని నేను రాసిన మొదటి రాత అది. హిందీలో, ఎర్ర రంగుతో, వంకరగా.

బోల్టు విప్పి చూస్తే పిన్నుకి కొన లేదు. ఒళ్లు మండింది. అంతకు ముందు వారం ఆదివారం మా రేంజి సెక్రటరీ చుట్టాలు ఆ రైఫిల్ పట్టుకుని ఫొటోలు దిగారు. ఆయన గదికే వెళ్లి అడిగాను.

"అరే మిస్త్రీజీ, పట్టుకున్నారంతే. ఎవరూ నొక్కలేదు."

"నొక్కకుండానే విరిగిందా?"

నా వెనకే వచ్చిన పిల్ల అడ్డుపడింది. "తాతా, ఆయన్నేం అనకు. నేనే నొక్కిన. వారం నుంచి దినాం వందసార్లు, చెయ్యి కుదరాలని."

"ఖోకా పెట్టావా?"

"అదెందుకు? ఎయిర్ రైఫిల్‌ల ఏం పెట్టకపోతుంటిమి."

"గోడ మీద అంత బోర్డుంటే కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

"ఏ బోర్డు తాతా?"

వెళ్లి చూశాను. గోడకి రెండు మేకులున్నాయి, బోర్డు లేదు. అక్కడే ఉన్న రేంజి కోచ్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఉస్తాద్, ఫొటోలో బాగుండదని సార్ తీయించారు. సార్ గదిలో సోఫా వెనక ఉంది."

"ఆ రాత చూశారా మిస్త్రీజీ? పెద్దవాళ్లొచ్చే చోటు కదా," అన్నాడు మా వెనకే వచ్చిన సెక్రటరీ.

"నా రాత వంకరే. మీ చుట్టాల మొహాలు మహా సూటిగా ఉన్నాయి మరి."

ఆ రైఫిల్ చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. పిన్ను కొనాలన్నా దొరకదు. లేతు మీద నేనే తిప్పాను. కోపంలో మొదటిదాన్ని కాల్చి నూనెలో ముంచి, మళ్లీ సన్నగా వేడిచేయకుండానే బిగించాను. పెళుసుదనం పోని ఆ పిన్ను నాలుగో దెబ్బకి పుటుక్కుమంది. ఇన్నేళ్ల పనిలో అంత సిగ్గుపడింది లేదు.

"చాయ్ తాగి చెయ్యి తాతా," అంది పిల్ల.

తాగాను. రెండోది నిదానంగా చేశాను. సాయంత్రం అయిదింటికి పది తూటాలు పెట్టింది, పదీ పేలాయి. శుక్రవారం కూడా ఆ పిన్ను మొరాయించలేదు. పిల్లకి జట్టులో ఆఖరి చోటు దొరికింది.

నా కోపం మాత్రం పోలేదు. మంగళవారం సాయంత్రమే సోఫా వెనక నుంచి బోర్డు లాగి, సుత్తి సెక్రటరీ చేతికిచ్చాను. ఆయనే దాన్ని మళ్లీ గోడకి కొట్టాడు. నాకెవరూ చెప్పలేదని రేపు ఎవరూ అనకుండా, ఆ రోజు అక్కడున్న వాళ్లందరినీ దాని కింద ఎర్ర రంగుతోనే రాశాను. బోర్డు తీయించిన సెక్రటరీ. తెలిసీ నోరు మూసుకున్న కోచ్. చదవడానికి బోర్డు లేని పిల్ల. తొమ్మిది రోజులు ఆ గోడ పక్కనుంచే నడుస్తూ తల తిప్పి చూడని మిస్త్రీ.